బావిలో పడ్డ గొంబెయి

1986 డిసెంబరు ఎనిమిది, సోమవారం. ఆ సాయంత్రం బొమ్మల కథల గురువు తోరిగోయె సెన్సేయ్ భోజనం వేడి అన్నం, దాని మీద గుడ్డు కలిపి ఉడికించిన కోడికూర, పక్కన ఒక కమలాపండు.

పళ్ళెం పైకి వెళ్ళేముందు సంపాదకుడు కుజుమి దాన్ని మెట్ల దగ్గర ఆపాడు. చాప్‌స్టిక్స్ తీసేసి చెంచా పెట్టాడు. సోయా సాస్ సీసా పక్కన పెట్టేశాడు. పళ్ళు కుట్టుకునే పుల్లను జేబులో వేసుకున్నాడు.

"సాస్ ఏం పాపం చేసిందయ్యా?" అంది సత్రం యజమానురాలు తోసె.

"ఆయనకి మంచిది కాదమ్మా."

"బీపీయా?"

"అలాంటిదే."

"ఎండ తగిలే గది ఇస్తానంటే వద్దన్నావు. ఈ చీకటి కొట్టే కావాలన్నావు."

"దానికి కాగితం తలుపులు కదమ్మా. చెక్క తలుపైతే నాకు నిశ్చింత."

"అదీ నిజమేలే. పోయినేడు ఒకాయన కాగితం చించుకునే పారిపోయాడు. నా పరుపు కూడా పట్టుకుపోయాడు, మహానుభావుడు."

కాండా వీధుల్లోని ఈ సత్రానికి ఇది అలవాటే. బొమ్మలు గీసి ఇవ్వాల్సిన మనిషిని సంపాదకుడు తెచ్చి గదిలో కూర్చోబెడతాడు. గీసి ఇచ్చేదాకా బయటికి వదలడు. అచ్చు పనివాళ్ళు దీన్ని 'డబ్బాలో పెట్టడం' అంటారు.

కుజుమి పనిచేసేది 'కవాసెమి' అనే బొమ్మల కథల మాసపత్రికలో. ఒకప్పుడది అట్టబొమ్మలు ఉచితంగా ఇచ్చే పిల్లల పత్రిక. ఆ పిల్లలకు మీసాలొచ్చాక కత్తులూ యుద్ధాలూ వచ్చాయి. వాళ్ళు ఉద్యోగాల్లో చేరాక సెన్సేయ్ గీసే గొంబెయి వచ్చాడు. సోయాపాల జున్ను, టోఫూ, అమ్ముకునే సమురాయ్ వీరుడు అతను. అతని కోసమే జనం పత్రిక కొనేవారు. కాలేజీ రోజుల్లో కుజుమి నెలనెలా స్టేషన్ కొట్టులో నిలబడి, కొనకుండా ఆ కథ చదివేవాడు. కొట్టాయన చూసీ చూడనట్టు పక్కకు తిరిగి దుమ్ము దులుపుకునేవాడు. ఆ పుణ్యమే కుజుమిని ఈ ఉద్యోగానికి చేర్చింది.

రెండేళ్ళ క్రితం ఒక సంచికలో గొంబెయి బావిలో పడ్డాడు. ఇంతవరకు పైకి రాలేదు. ఎలా పైకి తేవాలో సెన్సేయ్‌కి తోచలేదు.

కథ రాని నెల సంపాదకుడు పాఠకులకు క్షమాపణ రాయాలి. మొదట కుజుమి అందరిలాగే 'రచయితకు హఠాత్తుగా అనారోగ్యం' అని రాశాడు. మూడోసారి రాయడానికి సిగ్గేసి, ఉన్నదున్నట్టు రాశాడు: 'సెన్సేయ్ నిన్న స్నానాలగది కిటికీలోంచి పారిపోయారు. వెతుకుతున్నాం. క్షమించండి.' తర్వాతి నెల: 'సెన్సేయ్ చెరువు గట్టున దొరికారు. చేతిలో ఉన్నది పెన్ను కాదు, గాలం. చేపలు కూడా పడలేదు. క్షమించండి.' ఆ తర్వాత అలా జరుగుతూనే వచ్చింది.

ప్రతి సంచికలోనూ ఒక కార్డు ఉంటుంది. ఏది నచ్చిందో పాఠకులు రాసి పంపుతారు. దాన్నిబట్టే ఏది ఉండాలో, ఏది పోవాలో తేలుతుంది. ఈ మధ్య కార్డులు బస్తాల్లో వస్తున్నాయి. పోయిన వారం పత్రిక యజమాని వాటిని బల్ల మీద కుమ్మరించి కుజుమిని పిలిచాడు.

"చదివావా?"

"చదివానండీ."

"పాఠకులు నోరు విప్పి అడిగారు. వాళ్ళడిగింది ఫిబ్రవరి సంచికలో లేకపోతే పత్రికకి తాళమే. నీకూ, నాకూ, ఆ టీ పెట్టే ముసలావిడకీ అందరికీ సెలవు."

ఈ పొద్దున సెన్సేయ్ ఫోన్ చేశాడు. "కుజుమీ, ఈ నెల తప్పకుండా ఇచ్చేస్తాను."

ఆ మాట వినగానే కుజుమి కాళ్ళకి చెప్పులు లేకుండానే టాక్సీ ఎక్కాడు. మధ్యాహ్నానికల్లా సెన్సేయ్ డబ్బాలో ఉన్నాడు. రేపు ఉదయం ఫిబ్రవరి సంచిక ప్రెస్సుకు వెళ్ళాలి. అప్పటిదాకా కాపలా.

కుజుమి పళ్ళెం తీసుకుని గదిలోకి వెళ్ళాడు.

"వచ్చాడు జైలరు," అన్నాడు సెన్సేయ్. "నా సంచేదీ?"

"కింద భద్రంగా ఉంది. ముందు తినండి."

"చెంచా ఏంటోయ్, నేనేమన్నా పసిపిల్లాణ్ణా?"

కుజుమి నవ్వాడు. కమలాపండు తనే ఒలిచి, తొక్కలు జేబులో వేసుకున్నాడు. చలికి కిటికీ అద్దం మీద ఆవిరి పట్టింది. చేతిగుడ్డతో శుభ్రంగా తుడిచాడు.

సెన్సేయ్ చెంచా కింద పెట్టాడు. గొంతు తగ్గించాడు.

"గొంబెయి ఎలా బయటికొస్తాడో తెలిసిపోయిందోయ్. ఎనిమిది పేజీలు. అంతా బుర్రలో ఉంది."

కుజుమి ముఖం పాలిపోయింది. "బుర్రలోనేనా?"

"బుర్రలోనే."

కుజుమి పెద్దగా ఊపిరి వదిలాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. "చెప్పండి, వింటాను."

సెన్సేయ్ చెప్పాడు. గొంబెయి భుజాన ఒక్క సోయా గింజల సంచి ఉంటుంది. బావి నీళ్ళతో రోజుకొక టోఫూ చేస్తాడు. అడుగున పెట్టి, దాని మీద నిలబడతాడు. అది అణిగిపోతుంది. మళ్ళీ చేస్తాడు. రెండేళ్ళకి ఒక్కటి అణగకుండా నిలుస్తుంది.

కుజుమి కళ్ళు చెమర్చాయి. తర్వాత లేచి, పక్క పరిచి, చలిగా ఉందని తన కోటు కూడా దుప్పటి మీద కప్పాడు.

"మరి ఆ పెన్నుల సంచి పంపవోయ్," అన్నాడు సెన్సేయ్.

"అద్భుతంగా ఉంది సెన్సేయ్, కానీ కార్డుల్లో అందరూ మొదటి స్థానం ఇస్తున్నది నా క్షమాపణకి, అది ఆగితే పత్రికే ఆగిపోతుంది, అందుకని దయచేసి ఈ ఒక్క రాత్రీ ఏమీ గీయకండి," అని వంగి దణ్ణం పెట్టి, కుజుమి చప్పుడు కాకుండా చెక్క తలుపు మూశాడు.