సగం జావ

“ముందు నువ్ తాగు!”

గొడ్డలి పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు రాజేష్. ఎదురుగా జావగిన్నెతో తల్లి జంపక్క. నెల మందులిచ్చి పోదామని అప్పుడే వాకిట్లో అడుగుపెట్టిన నర్సు సుబ్బరత్నం అక్కడే ఆగిపోయింది. సారపాక పేపరుమిల్లు లారీలకు జామాయిల్ దుంగలెత్తే చేతులవి. ఒక్క వేటు చాలు.

“విషం కలిపినవని చెవుల చెప్తున్నరు. తాగుతవా, లేదా?”

“తాగుత కొడుకా, తాగుత. నా బిడ్డకు నేను విషం పెడ్తనా?”

జంపక్క గటగటా సగం తాగి గిన్నె చాపింది. రాజేష్ తల్లి మొహంలోకే చూస్తూ కదలడు, మెదలడు. చివరికెలాగో గొడ్డలి కింద పడేసి, మిగిలింది తాగి, మంచమ్మీద వాలిపోయాడు.

అమ్మయ్య! సుబ్బరత్నం జంపక్కను చెయ్యిపట్టి పెరట్లోకి లాక్కుపోయింది.

“గోలీ జావల కలిపినవా?”

“అవ్ నర్సమ్మా. చేతికిస్తే ఉమ్ముతుండు. మందు బంద్ అయితే వాణ్ని గొలుసులేసి కట్టేస్తమంటున్నరు ఊరోళ్లు.”

“రోజూ గిట్లనే నువ్ సగం తాగుతున్నవా?”

“నేను తాగంది వాడు ముట్టడు.”

సుబ్బరత్నానికి ఒళ్లు మండింది, జాలీ వేసింది.

“బుద్ధుందా నీకు? దవాఖానల పెద్ద డాక్టరు ఏం చెప్పిండు? కరెంటు వైరుకున్నట్టే మెదడుల తీగెలకు తొడుగుంటది. ఆ తొడుగేసే కణాలు నీరసపడితే మాట దారి తప్పుతదట, లేని గొంతులు ఇనబడ్తయట. అదొక కారణం కావచ్చన్నడు. గసొంటోళ్లకిచ్చే మందు నువ్ తాగుడేంది? మీ ఇంట్ల ఇంకెవలకన్న ఉందా అనడిగితే లేదంటివి!”

“లేదు తల్లీ. మాకెవలకూ గా జబ్బు లేదు.”

“మరి మంచిగున్న మనిషికి ఆ మందు పడుతదా? కండ్లు తిరుగుతున్నయా? దాచకు, ఉన్నదున్నట్టు చెప్పు.”

జంపక్క కొంగుతో కళ్లొత్తుకుంది.

“పానం మంచిగనే ఉంది నర్సమ్మా. గదొక్కటే బాధ. మా ఆయన సచ్చిపోయినంక సుత దినాం పొయ్యికాడ కూసోని నాతోటి ముచ్చట పెట్టేటోడు. గీ జావ తాగినకాడికెల్లి పలుకుతనే లేడు.”