సగం నునుపు

“వాషింగ్ మెషిన్ వేశావా! అయిపోయింది, నా పలక గంగలో కలిసింది!”

చేతిలో ముద్ద వదిలేసి వెనక గదిలోకి పరిగెత్తాడు భర్త. అక్కడ బల్ల మీద అతను సొంతంగా తయారుచేసుకున్న చిన్న గ్రైండింగ్ మెషిన్, కంప్యూటర్ చెప్పినట్టు ఇనుప పలకను అరగదీస్తోంది. అద్దంలా రావలసిన పలక మీద ఎప్పుడూ అలలే. అదురు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియక మోటారు మార్చాడు, బేరింగులు మార్చాడు, ఇంట్లో మిక్సీ ఆపించాడు, పిల్లల చేత గెంతులు మాన్పించాడు.

“బట్టలు గుట్టలు పడ్డాయండీ. ఎన్నాళ్లని ఆగను?” అంటూ వెనకే వచ్చింది భార్య.

అతను మెషిన్ ఆపి పలక తుడిచాడు. సగం దాకా అలలు. మిగతా సగం అద్దం.

“నేను భోజనానికి లేచేసరికి ఇక్కడిదాకా వచ్చింది. ఆ తర్వాతదంతా ఇంత నున్నగా ఉందేమిటే?”

స్టూలు మీద కూలబడి, అలవాటుగా బల్ల అడ్డకర్ర మీద కాలు పెట్టి ఆలోచనలో పడ్డాడు. బల్ల మీది స్పానర్లు గలగలలాడాయి.

ఆమె స్పానర్లను చూసింది. కిందికి చూసింది. వంగి, ఊగుతున్న అతని మోకాలి మీద చెయ్యి వేసింది.

గలగల ఆగిపోయింది.

అతను తన మోకాలి కేసి, పలక కేసి మార్చి మార్చి చూశాడు.

“పిల్లలూ, ఇక మీ ఇష్టమొచ్చినట్టు గెంతుకోండి!” అని కేకేసి, ఆమె వంటింట్లోకి వెళ్లి మిక్సీ వేసింది.