గోడ మీది ర్యాంకులు

షట్టరు లేపకముందే లక్ష్మీకాంత్ గోడ వంక చూశాడు.

నిన్న సాయంత్రం చిలీ పొడుగాయనకు తను వేసిన పాయింట్లు మూడు వందల నలభై. ఇప్పుడు అక్కడ మూడు వందల పది ఉంది.

"మల్ల మార్చిండ్రు!"

స్టేషన్ ఘన్‌పూర్‌లో రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో అతనికి సెల్‌ఫోన్ రిపేరు షాపుంది. దాని పక్కగోడకు నల్లరంగు పూసి, టెన్నిస్ ఆటగాళ్లకు సొంతంగా లెక్కగట్టిన పాయింట్లు సుద్దతో రాస్తుంటాడు. పేర్లు ఎవరికీ నోరు తిరగవని, చిలీ పొడుగాయన, ఇటలీ ఎర్రజుట్టాయన అని గుర్తులు పెట్టాడు.

టీవీలో చెప్పే ర్యాంకులు అతనికి నచ్చవు. పెద్ద ఆటగాణ్ని ఓడించినా, ఊరూ పేరూ లేనివాణ్ని ఓడించినా ఒకటే పాయింట్లా? అతని లెక్కలో అలా కుదరదు. ఐదు సెట్లు కొట్లాడి ఓడినవాడికి కూడా అందులో కొన్ని పాయింట్లుంటాయి.

"క్రికెట్ గూడ గాదు. ఎవలు చదువుతరయ్యా గది?" అంటుంది భార్య నీరజ.

"చదువకపోతే ఎందుకు మారుస్తరే?"

నవ్వులాట అక్కడితో ఆగితే బాగుండేది. మొన్న హెడ్ కానిస్టేబుల్ సోమనర్సయ్య వచ్చి బండి దిగకుండానే అడిగాడు.

"ఏందయ్యా, మట్కా ఆడిపిస్తున్నవట?"

"మట్కా ఏంది సార్! గది టెన్నిస్."

"సాయంత్రం ఒక నంబరు, పొద్దుగాల ఇంకో నంబరు. ఒకటి ఓపెన్, ఒకటి క్లోజ్. మాకు తెల్వదనుకున్నవా? ఇంకోసారి నంబర్లు మారినయని తెలిస్తే షాపుకు తాళమే."

ఆ రోజు నుంచి లక్ష్మీకాంత్‌కు అన్నం సయించడం లేదు. ఒకరి ఫోన్ స్క్రూలు ఇంకొకరి ఫోన్‌కు బిగిస్తున్నాడు. బండి చప్పుడైతే చాలు, కుర్చీలోంచి లేస్తున్నాడు.

"రాసుడు బందు పెట్టరాదు" అంది నీరజ. "షాపు పోతే ఏం తింటం?"

"ఇప్పుడు బందు పెడితే మట్కా అని ఒప్పుకున్నట్టే గదా!"

ఎదురుగా జిరాక్స్ షాపు రాజేశ్‌ను నిలదీశాడు.

"నిజం చెప్పు. మార్చేది నువ్వేనా?"

"నాకేం పనిలేదా అన్నా? చిలీ ఆయనేమన్న నా బామ్మర్దా?"

మర్నాడు తెల్లారుతుండగానే లక్ష్మీకాంత్ బయల్దేరాడు. షాపు ఇంకా దూరముండగానే కనబడింది. గోడ ముందు గొంతుక్కూర్చుని ఎవరో ముసలాయన భుజం మీది తువ్వాలతో తుడుస్తున్నాడు. రెండో చేతిలో సుద్దముక్క.

"దొరికినవ్!"

ముసలాయన నెమ్మదిగా లేచాడు. ముఖమంతా నవ్వు.

"నీ గోడేనా బిడ్డా గిది?"

"నా గోడే! నా కడుపు మీద ఎందుకు కొడుతున్నవ్?"

"గట్ల గాదు బిడ్డా. పొద్దుగాల పొద్దుగాల..."

"పొద్దుగాల ఎవలు చూస్తరనుకున్నవా? చిలీ ఆయన నంబరెందుకు మార్చినవ్?"

"మారిందా?" ముసలాయన కళ్లు చిట్లించి గోడకు దగ్గరగా వంగాడు. "చూపు జర ఆనుతలేదు."

"చూపు ఆననోనికి సుద్ద ఎందుకు? ఎవలు పంపిండ్రు నిన్ను?"

"నన్నెవలు పంపుతరు? పొద్దూకినంక వచ్చి చదువుకుంట. ఓడినోనికి గూడ మార్కులేసెటోన్ని నిన్నొక్కన్నే చూసిన."

"మస్కా కొట్టకు!"

అప్పుడే వచ్చిన రాజేశ్ పకపకా నవ్వాడు. "మట్కా తాత దొరికిండా అన్నా! సోమనర్సయ్య సారుకు అప్పజెప్పు."

లక్ష్మీకాంత్ సుద్దముక్క లాక్కుని మోరీ కాలువలో విసిరేశాడు.

"ఏ ఊరు నీది?"

"కురవి దిక్కు. దానియేలు అంటరు. బిడ్డ ఇంటికి వచ్చిన."

"ముసలోనివని ఇడుస్తున్న. ఇంకోసారి గీ దిక్కు కనవడితే బిడ్డను గూడ స్టేషనుకు పిలిపిస్త."

బిడ్డ మాట ఎత్తగానే ముసలాయన ముఖంలో నవ్వు పోయింది. చేతులకంటిన సుద్ద దులుపుకుని, తువ్వాల భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం రాజేశ్ కబురు మోసుకొచ్చాడు. "నీ తాత మానుకోట రైలెక్కిండన్నా. పీడ పోయింది."

సోమనర్సయ్యకు ఫోన్ చేసి చెప్పాడు లక్ష్మీకాంత్. ఆయన నవ్వి పెట్టేశాడు. నీరజ చాలా రోజులకు కోడిగుడ్డు కూర వండింది. సాయంత్రం అతను గోడంతా కడిగి, పెద్ద పెద్ద అంకెలతో పాయింట్లు కొత్తగా రాశాడు.

అయినా మనసు కుదురుకోలేదు. తెల్లారగానే మళ్లీ షాపు దగ్గరికి నడిచాడు.

గోడ పైసగం రాసింది రాసినట్టే ఉంది. కింది సగంలో ఒక్క అంకె లేదు. చిలీ ఆయన లేడు, ఆ కింద ఎవరూ లేరు. తెల్లగా అలుక్కుపోయి ఉంది.

గోడను ఆనుకుని ఒక నల్ల మేక, ఒళ్లంతా సుద్దతో, తీరిగ్గా వీపు రుద్దుకుంటోంది.

"హెయ్! హెయ్!" కర్ర ఊపుకుంటూ మేకలు కాసే గంగి వచ్చింది. "ఏమనుకోకన్నా. చెరువు దారి బురదైన కాన్నుంచి మేకలను గిటే తోల్కపోతున్న. గీ గోడ కాడికొస్తే ఒక్కటి గూడ కదలదు."

లక్ష్మీకాంత్ మేక వీపుకంటిన సుద్దను వేలితో తుడిచి చూశాడు.

గంగి అటూ ఇటూ చూసింది.

"మావి చెరిపిపోంగనే రోజూ గీడ కూసోని, ఒక్కొక్కటి యాది చేసుకుంట మల్ల రాసెటాయన... ఆ తాత ఇయ్యాల రాలేదా అన్నా?"