వేళ్ళ నడక

“అది వరప్రసాద్ కాదు, సురేంద్రా. ఆ వేళ్ళు వేరే ఎవరివో.” ఫోనులో టీమ్ లీడర్ భవ్యశ్రీ గొంతు ఎప్పటిలాగే నింపాదిగా ఉంది. “పది నిమిషాలు ఆగుతాను. వరప్రసాదే అయితే అవునని చెప్పు. కాకపోతే అకౌంట్ మూసేస్తాను.”

ఆత్మకూరు బస్టాండు ఎదుటి మేడగదిలో సురేంద్రబాబు కుర్చీలోంచి లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. తెర మీద ఎర్రటి హెచ్చరిక అలాగే ఉంది. ఉదయగిరిలో వరప్రసాద్ లాప్‌టాప్, అతని పాస్‌వర్డ్, అతని ఫోనుకు వెళ్ళిన ఓటీపీ, అన్నీ సరిపోయాయి. కీబోర్డు మీద వేళ్ళు నడిచే తీరు మాత్రం సరిపోలేదు. ఏ అక్షరం దగ్గర తడబడతాడో, ఏ మీట మీద ఎంతసేపు ఆగుతాడో రెండేళ్ళుగా చూసి నేర్చుకున్న ప్రోగ్రాం, పొద్దుటినుంచి టైపు చేస్తున్నది ఇంకెవరో అంటోంది.

క్లౌడ్‌లో దాచిన నలభై ఆసుపత్రుల రికార్డులకు కాపలా కాసే జట్టు వాళ్ళది. అకౌంట్ దొంగ చేతికి చిక్కి ఉంటే ఆ రికార్డులన్నీ వాడివే. అలా కాక, వరప్రసాదే లాప్‌టాప్‌ను ఇంకొకరికి ఇచ్చి ఉంటే సాయంత్రానికి అతని ఉద్యోగం ఉండదు. ఆ నిబంధన విషయంలో కంపెనీ ఎవరి మాటా వినదు.

సురేంద్రను కుదురుగా ఉండనివ్వనిది ఆ రెండూ కాదు. రోజు మొత్తంలో అతను మనసు విప్పి మాట్లాడేది వరప్రసాద్‌తోనే. అదీ చాట్‌లోనే. ఉదయగిరిలో సిగ్నల్ సరిగా ఉండదని మీటింగుల్లో కూడా వరప్రసాద్ రాసే బదులిచ్చేవాడు. ఉదయగిరి బస్సు రోజూ ఈ కిటికీ కిందినుంచే పోతుంది. సురేంద్ర ఒక్కసారీ ఎక్కలేదు. చూడని మనిషికి చెప్పుకోవడమే అతనికి సులువు. పొద్దుట కూడా నిద్ర పట్టని సంగతి ఏదో రాశాడు. అటునుంచి ‘ఓకే’ అని వచ్చింది. ఎవరికి చెప్పుకున్నానో అనుకుంటూ ఆ రెండక్షరాలూ మళ్ళీ చదివాడు.

వీడియో కాల్ చేశాడు. మూడోసారికి ఎత్తారు. ముప్పై ఏళ్ళవాడు, నుదుటి మీద చెమట. కంపెనీ కార్డు మీది ఫొటోకీ ఈ మొహానికీ తేడా లేదు.

“చెప్పండి సార్,” అన్నాడు.

రెండేళ్ళుగా ‘ఏందిరా’ అని రాసిన మనిషి. సురేంద్ర కాలు దానంతటదే ఊగడం మొదలుపెట్టింది. ఈ రోజుల్లో మొహాలను కూడా కంప్యూటర్‌లో తయారుచేస్తున్నారు. అరచెయ్యి మొహం ముందునుంచి అటూ ఇటూ పోనివ్వమన్నాడు. అతను పోనిచ్చాడు. మొహం ఎక్కడా చెదరలేదు. కిటికీలోంచి బయట చూపించమంటే రెక్క తీసి చూపించాడు. ఎండలో తెల్లబడిన ఉదయగిరి కొండ. పుట్టినతేదీ, ఉద్యోగి నంబరు, చేరిన రోజు, ఏది అడిగినా తడుముకోకుండా చెప్పాడు.

ఇంకా రెండు నిమిషాలే ఉన్నాయి.

సురేంద్ర గొంతు తగ్గించాడు. “పోయిన నెల నాకు ఊపిరాడక, పని వదిలేసి పోతానన్నప్పుడు నువ్వొక మాట రాసినావు. ఏంది అది?”

అతను పక్కకు చూశాడు.

“తెలిస్తే చెప్పురా. లేకుంటే మూసేస్తారు.”

“అలారం మోగిందని కొంప అంటుకున్నట్టు కాదురా, ముందు నీళ్ళు తాగిరా.” తెరకు అవతల ఎక్కడినుంచో ఒక ఆడగొంతు పలికింది. ఒక్క క్షణం ఆగి, “అని రాసినాను,” అంది.

ఆమె వచ్చి అతని పక్కన నిలబడింది. కుడిచేతికి వేళ్ళదాకా పిండికట్టు. సురేంద్ర వైపు చూడలేదు. చూపు కీబోర్డు మీదే ఉంది.

“నా భార్య సార్, సుకుమారి,” అన్నాడు వరప్రసాద్ తల వంచుకుని. “నిన్న మెట్లమీద జారి పడినాది. ఈపొద్దు ఒక్కపూట నెట్టుకొద్దామని నేను కూర్చున్నా. డిగ్రీ కాగితం నాది. పని ఆమెది.”

సురేంద్ర ఏదో అనబోయాడు. ఎవరిని చూసి అనాలో తెలియలేదు. బల్ల మీద ఫోను మోగింది.

“టైమ్ అయింది,” అంది భవ్యశ్రీ. “కీబోర్డు ముందున్నది వరప్రసాదేనా, కాదా? ఒక్కమాట చెప్పు.”

సురేంద్ర నీళ్ళ సీసా ఎత్తి రెండు గుక్కలు తాగాడు. కాలు ఊగడం ఆగింది.

“వరప్రసాదే మేడమ్,” అన్నాడు.

రెండేళ్ళలో ఆ మాట నిజమైంది ఆ ఒక్కరోజే.