మూడు కాళ్ల తాబేలు

"నువ్వొద్దమ్మా, పక్కకి జరుగు," అంటూ దేవి చేతిలోని తాబేలు వేషం తలని లాక్కున్నాడు నిర్వహణ కార్యదర్శి నరసింగరావు.

అంతర్జాతీయ దివ్యాంగుల క్రీడలకు ఆ తాబేలే మస్కట్, అంటే వేషం కట్టి తిరిగే చిహ్నం. వలలో చిక్కి ఎడమ ముందుకాలు పోయినా నవ్వుతూ ఉంటుంది. ఆ వేషానికి కమిటీ ఎంపిక చేసింది దేవిని. భావనపాడు పిల్ల, ఈతలో మేటి. ఆమెకూ ఎడమచెయ్యి లేదు.

"లిస్టులో నా పేరే ఉన్నాది గదా సార్?"

"ఉంటే? విదేశీయుల ముందు నువ్వు తూలి పడితే పరువు ఎవరిది? అవిటితనం చూపించడానికీ ఓ కళ ఉండాలి."

దేవి తల్లి దాలమ్మ ఊరుకోలేదు. "ఏటి బాబూ, రెండు సేతులున్న మనిషివి, ఆ మూడుకాళ్ల దాంట్లో ఎలా దూరతావు?"

"ఒకటి కట్టేసుకుంటాను."

నిజంగానే ఎడమచేతిని తువ్వాలుతో ఛాతీకి బిగించి కట్టించుకున్నాడు. వేడుక చివర ఆ తల తీసి, క్రీడల అధ్యక్షురాలి పక్కన ఫొటో దిగాలి. అందులో ఉండాల్సిన ముఖం తనదేనని అతని మనసు నెల కిందటే తీర్మానించుకుంది. మిగతా మనుషులంతా అతనికి ఆ ఫొటోకి అడ్డొచ్చే భుజాలు.

సముద్రం ఒడ్డున చక్రాల కుర్చీల్లో క్రీడాకారులు, కెమెరాలు, ఊరి జనం. దాలమ్మ ముందుకొచ్చి తాబేలు నుదుట పసుపు రాసి, కుంకుమ పెట్టింది. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. లోపల నరసింగరావు పెదవి విరిచాడు. బొమ్మకీ దేవుడికీ తేడా తెలియని మంద! అయినా ఆ దండాలు తియ్యగానే ఉన్నాయి.

నలుగురు పడవవాళ్లు అతణ్ని భుజాలకెత్తుకున్నారు. చప్పట్లు మోగాయి. వాళ్లు నడిచింది మాత్రం వేదిక వైపు కాదు, నీళ్ల వైపు.

మస్కట్ మాట్లాడకూడదని నియమం పెట్టింది తనే. అందుకే గుసగుసగా అడిగాడు. "ఎటురా?"

"సేతికి సిక్కిన తాబేలుకి బొట్టెట్టి సముద్రంలో ఇడిసీటం మా ఆనవాయితీ బాబూ," అంది పక్కనే నీళ్లలో నడుస్తున్న దాలమ్మ.

మోసేవాళ్ల మోకాళ్లని అల దాటింది. నడుములు దాటింది. ఉప్పునీరు వేషంలోకి చొరబడింది. కట్టిన చెయ్యి కదల్లేదు.

"ఒరే, నేను తాబేల్ని కాదురా! నరసింగరావుని! నాకు ఈత రాదు!"

ఎవరూ ఆగలేదు.

"తెలుసు బాబూ," అంది దాలమ్మ. "తాబేలైతే మోకాల్లోతులోనే ఇడిసీసేవోళ్లం."