సులేమాన్ తల్లికి మొక్కు

మా ప్రాచీన రాజు కూరుష్ చక్రవర్తి సమాధి దగ్గర, ఆయన్ను తలచుకునే రోజున జనం గుమిగూడకూడదని దారి మూసేశారు. ఇస్లాం రాకముందటి రాజును మేం తలచుకోవడం మతపెద్దల ప్రభుత్వానికి గిట్టదు. అందుకే వెళ్ళి తీరాలనుకున్నాను. “మా తాతను చూడడానికి మీ అనుమతేమిటి?” అని షిరాజ్ నుంచి కారులో దారి పొడవునా సాధన చేశాను.

“ఆ గొంతు కాస్త అక్కడికి మిగల్చండి” అంది నా భార్య గుల్‌నార్.

అడ్డుకర్ర దగ్గర ఒక కుర్ర అధికారి కారులోకి వంగి చూశాడు. “ఎక్కడికి, హాజీ?”

నేను హజ్ ఎరుగను. ధైర్యమూ ఎరుగనని అప్పుడే తెలిసింది.

“సులేమాన్ ప్రవక్త తల్లి సమాధికి, బాబూ. మోకాళ్ళ నొప్పులకు మొక్కుకున్నాం” అన్నాను. మోకాళ్ళు నిజంగానే వణుకుతున్నాయి.

“ఇంతేనా మీ సింహనాదం?” అని గుల్‌నార్ కిటికీ వైపు తిరిగి గొణిగింది.

అధికారి అటూ ఇటూ చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

“మాది ఆ సమాధి పక్క ఊరే. వెనకటికి అరబ్బు సైన్యం దాన్ని కూలగొట్టడానికొస్తే, అది రాజుది కాదు, సులేమాన్ తల్లిదని మావాళ్ళు అచ్చం మీలాగే అబద్ధమాడి కాపాడుకున్నారట.”

“వాళ్ళూ వణికే ఉంటారా?” అని అడిగాను.

“వణక్కుండా ఎవరాడతారు, హాజీ?” అంటూ అడ్డుకర్ర ఎత్తాడు. “సమాధి దగ్గర అక్రోట్లు అమ్మేది మా అమ్మ. నేను సరిహద్దులో కాపలా ఉన్నాననుకుంటోంది. నన్నిక్కడ చూశామని మాత్రం ఆమెకు చెప్పకండి.”