తేడా రాని అంకెలు

“ఇప్పుడున్న పద్ధతిలో ఒక్క తప్పు చూపించు చాలు. చూపించలేకపోతే కొత్తది అక్కర్లేదని రాసెయ్. మూడింటికల్లా నివేదిక నా దగ్గరుండాలి,” అని ఫోన్ పెట్టేశాడు పై అధికారి హెండ్రో.

నది ఎగువన కాపలా గదిలో కూర్చున్న వెనింగ్ గడియారం చూసుకుంది. పదకొండున్నర. బయట వాన పట్టి నాలుగు రోజులైంది.

కొత్త పద్ధతి అంటే పెద్ద వింతేం కాదు. నది ఒడ్డున రెండు చోట్ల యంత్రాలు పెడితే, నీటిమట్టం ఎంతుందో అవే జిల్లా ఆఫీసు కంప్యూటర్‌కి పంపిస్తాయి. హద్దు దాటితే దిగువ పల్లెలో సైరన్ మోగుతుంది. ఆ పల్లెలో నాలుగు వందల ఇళ్లు, ఒక బడి, నీళ్లకు ఆనుకుని సంత. ఇది వీలవుతుందా, అసలు అవసరమా అని తేల్చడం వెనింగ్ పని. వీలవుతుందని వారం కిందటే తేలింది. అవసరమా అన్నదే మిగిలింది.

అంకెలు అవసరం లేదనే చెబుతున్నాయి. ఈ ఎగువ గదిలో కర్సిది, నాలుగు కిలోమీటర్ల దిగువన ఇంకో గదిలో సుత్రిస్. ఇద్దరూ రోజుకు ఆరుసార్లు మట్టం చూసి పుస్తకాల్లో రాస్తారు. రెండేళ్ల పుస్తకాలు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి పక్కపక్కన పెట్టింది వెనింగ్. ఎగువ కంటే దిగువ సరిగ్గా ఇరవై సెంటీమీటర్లు ఎక్కువ. ఒక్కరోజు కూడా తేడా రాలేదు.

“ఇద్దరు వేర్వేరు మనుషులు, ఒకే లెక్క. ఇంతకన్నా రుజువేం కావాలి?” అన్నాడు హెండ్రో పొద్దున.

నిజమే. కానీ రెండేళ్లలో ఒక్క సెంటీమీటరైనా అటూఇటూ కాని ఆ అంకెల్ని ఆమె మళ్లీ మళ్లీ పైనుంచి కిందికి చూస్తోంది.

“తినమ్మాయ్, చల్లారితే చెప్పు తోలే అది,” అంటూ వేయించిన కర్రపెండలం ముక్కలు ముందుకు జరిపాడు కర్సిది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. చొక్కా గుండీలన్నీ మెడ దాకా పెట్టుకున్నాడు.

“పాక్, ఒకసారి నీళ్లలో పెట్టిన కొలబద్ద చూపిస్తారా?” అక్కడ గౌరవంగా మగవాళ్లను ‘పాక్’ అని, ఆడవాళ్లను ‘బూ’ అని పిలుస్తారు.

“చూద్దాం, చూద్దాం. వాన తగ్గనీ.”

అలా అడగడం మూడోసారి. నాలుగోసారి అడగడానికి ఆమెకు నోరు రాలేదు. పెద్దవాళ్లను రెట్టించడం ఆమెకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

పన్నెండు కాగానే కర్సిది ఫోన్ అందుకున్నాడు.

“ఏం సుత్రిస్, మీ ఆవిడ ఇవాళైనా కూరలో ఉప్పు వేసిందా?”

అటునుంచి పెద్ద నవ్వు.

“నీ దగ్గర నూట అరవై ఉంటుందిగా?”

“ఉంటుంది పాక్, ఉంటుంది.”

కర్సిది పుస్తకం తెరిచి గుండ్రటి అంకెల్లో నూట నలభై అని రాశాడు.

వెనింగ్ ఆయన కాళ్ల వైపు చూసింది. ఆ చెప్పులకు మట్టి లేదు. పొద్దుటి నుంచీ ఆ కుర్చీ లోంచి ఆయన లేవనేలేదు.

ఆమె గొడుగు తీసుకుని గది వెనక్కి నడిచింది. “అమ్మాయ్, జారుతుంది!” అని వెనక నుంచి కేక. ఆరు మెట్లు దిగింది. ఏడో మెట్టు లేదు. ఆ కింద జారిపోయిన ఎర్రమట్టి, దాని కింద ఎర్రటి నీళ్లు. కొలబద్ద ఎక్కడుందో కూడా తెలియడం లేదు.

తిరిగి వచ్చేసరికి కర్సిది గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“మెట్లు పోయి రెండేళ్లయింది. ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాశాను. చూస్తామన్నారు. ఈ మోకాలితో ఎలా దిగను?”

“మరి ఈ అంకెలు?”

“ముప్పయ్యేళ్లు చూసిన నదమ్మా. ఎంతుంటుందో నా అంచనా నాకుంటుంది. సుత్రిస్‌తో సరిచూసుకుంటాను. వాడుండేది ఒడ్డు మీదే. తప్పైతే చెప్పడూ?”

“ఇది నేను రాయకపోతే ఎలా పాక్?”

“ఇంకో ఎనిమిది నెలల్లో ఉద్యోగం నుంచి దిగిపోతాను. ఇప్పుడు నువ్వు రాస్తే దొంగ రాతలు రాశాడని గెంటేస్తారు. నా మనవరాలు కూడా ఆ కింది బళ్లోనే చదువుతోంది. దాని మీద నాకు ప్రేమ లేదనుకున్నావా?” అంటూ ఆయన రెండు చేతులూ జోడించాడు.

తాత వయసు మనిషి తనకు దండం పెట్టడం వెనింగ్ చూడలేకపోయింది. చేతులు పట్టుకుని దించేసింది.

ల్యాప్‌టాప్ ముందు చాలాసేపు కూర్చుంది. ఒక కన్ను మూసుకుపోయింది, సరే. రెండో కన్ను, సుత్రిస్, నది పక్కనే ఉంది, పల్లెకు దగ్గరగా కూడా ఉంది. యంత్రాలు వచ్చే ఏడు పెట్టుకోవచ్చు. అప్పటికి ఈయన ఇంటి దగ్గర హాయిగా ఉంటాడు.

“ప్రస్తుత పద్ధతి నమ్మదగినది. ఈ ఏడు కొత్తది అవసరం లేదు,” అని రాసి పంపించింది. మూడింటికి ఇంకా పది నిమిషాలుంది.

వెంటనే ఫోన్ మోగింది. “శభాష్! ఫైలు మూసేశాం. ఇక మళ్లీ వచ్చే వానాకాలమే,” అన్నాడు హెండ్రో.

తిరుగుదారిలో అద్దె మోటార్‌సైకిల్‌ని సుత్రిస్ గది దగ్గర ఆపించింది. సంతలో ఆడవాళ్లు చేపల బుట్టల మీద పట్టాలు కప్పుతున్నారు. బడి ఇంకా వదల్లేదు. గది వెనక వెదురు పొద గోడలా పెరిగి ఉంది. దాని అవతల నది చప్పుడు మాత్రమే వినిపిస్తోంది. ఎగువన విన్నదానికంటే ఈ చప్పుడు లోతుగా ఉంది.

సుత్రిస్ రేడియో తగ్గించి లేచాడు. నలభై ఏళ్ల నవ్వుమొహం.

“రండి బూ, రండి! మా పెద్దాయన కర్రపెండలం తినిపించే ఉంటారే!”

“తినిపించారు. ఒక్క మాట చెప్పి పోదామని ఆగాను.” ఆమె గొడుగు మూసింది. “ఈ వానాకాలం నాలుగు నెలలూ నది మీంచి కన్ను తీయకండి. ఈ పల్లె మొత్తానికి మీరు చూసేదే ఆధారం.”

సుత్రిస్ ఆమె వేళాకోళమాడుతోందనుకుని నవ్వాడు.

“నేనెక్కడ చూస్తున్నాను బూ, పైన పెద్దాయన చూస్తున్నారుగా!”